కుర్చీ వెనుక నిలబడిన మనిషి

సంతోష్‌నగర్ చౌరస్తాలో, కూరగాయల బండ్ల పక్కనున్న కరెంటు స్తంభానికి మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. ఖాకీ చొక్కా తొడుక్కొన్న మనిషి ఫొటో, దాని చుట్టూ అచ్చువేసిన పూలదండ, కింద డిపో మిత్రుల శ్రద్ధాంజలి. ఏ ఉద్యోగం చేశాడో రాశారు, ఎంత నిజాయితీగా చేశాడో రాశారు, ఆత్మకు శాంతి కలగాలని కోరారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే నేనెరిగిన మనిషి మాత్రం అందులో లేడు. బస్సు కండక్టరుగా ఆయనను నేను ఒక్కనాడూ చూడలేదు. ఆసుపత్రిలో, నరాల వైద్యుల గదిలో, భార్య కూర్చొన్న కుర్చీ వెనుక నిలబడి ఉండగా మాత్రమే చూశాను.

పేరు రాయను. ఆయన భార్య ఇప్పటికీ అదే ఆసుపత్రికి వస్తున్నది. మూర్ఛ అన్న మాట పలకవలసి వస్తే నలుగురూ గొంతు తగ్గించే వీధులు మావి. అటువంటి చోట ఆమెను గుర్తుపట్టే ఆనవాలును కాగితం మీద పెట్టే హక్కు నాకు లేదు.

నేను న్యాయస్థానంలో సిరస్తాదారుగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. దస్త్రాలు క్రమంలో ఉన్నాయా, సాక్షి చెప్పినది చెప్పినట్టే నమోదయిందా అని చూడడమే నా జీవితంలో అధిక భాగం. కుడిచేతికి వణుకు మొదలైన తరువాత ఆ ఆసుపత్రికి వెళ్లడం తప్పనిసరి అయింది. అక్కడి నిరీక్షణశాలలో క్రమమన్నది నేను ఆశించలేదు. ఉండబోదనే అనుకొన్నాను. మొదటి రోజు టోకెన్ కిటికీ దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతూండగా, వెనుకనుంచి ఒక గొంతు వినిపించింది.

"టోకెన్ తీసుకున్నోళ్లు లోపలికి జరుగుర్రి! డోర్ కాడ నిలబడకుర్రి! ఓ అన్నా, గా సంచి ఒళ్లె పెట్టుకో, సీటు మనిషికి గని సంచికి కాదు!"

జనం జరిగారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ గొంతు కాదు, దానికి లభించిన విధేయత. ఒక ముసలామె మాత్రం కదలకుండా నడుము మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

"నువ్వేమన్న డాక్టరువారా, గంత మొత్తుకుంటున్నవు?"

"కాదవ్వా, కండక్టర్ని."

"అయితె టికెట్ కొట్టు, దిగిపోత!"

శాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఆమెకు కిటికీ పక్కన చోటు చూపించాడు. బిగ్గరగా మాట్లాడేవారంటే నాకు సహజంగా సరిపడదు. కాని ఆ రోజు వరుస ఏర్పడింది. వరుసను ఏర్పరచినవాడి గొంతును గురించి ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

ఆసుపత్రికి వచ్చే రోజుల్లో ఆయన ఖాకీ చొక్కానే వేసుకొనేవాడు. సెలవు పెట్టి వచ్చినా అదే. ఎందుకని అడిగితే, "డ్యూటీ మీదనే ఉన్న గద సార్" అన్నాడు. ఇంత కాలంలో ఆయన అక్కడ బెంచీ మీద కూర్చోవడం నేను చూసింది చాలా తక్కువ. ఖాళీ ఉన్నా నిలబడేవాడు. పైన పట్టుకోవడానికి కమ్మీ లేని చోట ఆయన చేతులు ఏం చేయాలో తోచనట్టు గాలిలో తారాడి, చివరికి భార్య కుర్చీ వెన్నును పట్టుకొనేవి. తప్పులూ లేకపోలేదు. తినుబండారాలు నిషిద్ధమని బోర్డు ఉన్న గోడకే ఆనుకొని పల్లీలు తినేవాడు. పొట్టు జేబులో వేసుకొంటానని నాతో వాదించాడు, నిజానికి వేసుకొన్నాడు కూడా. అయినా బోర్డు బోర్డే.

వైద్యుల గదిలో తరువాతి వంతు వారిని ముందుగానే పిలిచి గోడవారగా బెంచీ మీద కూర్చోబెడతారు. అందువల్ల ఒకరి సంగతి మరొకరికి వినబడక తప్పదు. ఇది పద్ధతి కాదు, కాని పద్ధతి అదే. ఆ బెంచీ మీదనుంచే నేను ఆయన వ్యవహారమంతా చూశాను.

ఆమె కుర్చీలో కూర్చొన్నది. చిన్న డాక్టరు కాగితాలనుంచి తల ఎత్తకుండా, ఆమె తల మీదుగా ఆయననే అడిగాడు.

"మీ మిసెస్‌కి ఎలా ఉంది? మందులు వేసుకొంటోందా?"

ఆయన కుడిచేతిని ముందుకు చాచి, ఖాళీ సీటు చూపించినట్టు ఆమెను చూపించాడు.

"ఆమె గీడనే ఉన్నది సార్."

"మీరే చెప్పండి, త్వరగా. బయట చాలామంది ఉన్నారు."

"హోల్డాన్ సార్. ఆమెకు తెల్సింది ఆమె చెప్తది. ఆమెకు తెల్వంది నేను చెప్త. రెండు కలపొద్దు."

బస్సు ఆపడానికి కండక్టర్లు వేసే ఆ కేకను ఒక వైద్యుడి ముందు వాడగా వినడం నాకదే ప్రథమం. చిన్న డాక్టరు తల ఎత్తాడు. తల ఎత్తినవాడు ఇక ఆమెను చూడక తప్పలేదు.

ఆమె చెప్పింది: "కడుపుల నుంచి ఏదో పైకి లేస్తది సార్, జాత్రల రంగులరాట్నం మీద కిందికి దిగినట్టు. కాలిన రబ్బరు వాసనొస్తది. గంతే. మల్ల కండ్లు తెరిస్తె మంచం మీద ఉంట. నాలుక మంటపెడ్తది."

అక్కడికి ఆపి, తలను కొద్దిగా వెనక్కి వంచింది. అదే సంకేతం.

"వాసన కాడి నుంచి మంచం దాక నాది" అని ఆయన మొదలుపెట్టాడు. మొదట నోటితో, తరువాత ఒంటితో. చూపు ఒక మూలకు గుచ్చుకొన్నట్టు నిలిపి, పెదవులను ఏదో నములుతున్నట్టు కదిపి, కుడిచేతి వేళ్లతో చొక్కా అంచును పీకుతూ, ఎడమచేతిని కర్రలా బిగించి చూపించాడు. గదిలో పరాయివాళ్లం నలుగురమున్నాం. సిగ్గు ఆయన ముఖంలో లేదు, నాటకమూ లేదు. చూపించవలసినంత చూపించి, చొక్కా సర్దుకొని, "ఇగ ఆమెది" అన్నాడు.

నేను నా ఉద్యోగంలో ఎందరో సాక్షులను చూశాను. చూసినది చెప్పమంటే విన్నది చెప్పేవారు, విన్నది చెప్పమంటే ఊహించినది చెప్పేవారు, తమకేమీ తెలియదని చెప్పవలసిన చోట తమకు అన్నీ తెలుసునని చెప్పేవారు. మనిషి తన హద్దును తానే గుర్తించి, ఆ గీతకు ఈవలనే ఆగిపోవడం నేను అరుదుగా చూశాను. భార్య విషయంలో భర్త అలా ఆగిపోవడం మరీ అరుదు.

చిన్న డాక్టరు అడిగాడు. "ఎంతసేపు ఉంటుంది?"

"సంతోష్‌నగర్ స్టాపు నుంచి ఐ.ఎస్. సదన్ దాక సార్."

"నిమిషాల్లో చెప్పండి."

"ఆమెను పట్టుకుంట గద సార్, గడియారం ఎట్ల చూడాలె? మనసుల బస్సు నడిపిస్త. ఐ.ఎస్. సదన్ కాడ ఆగింది."

చిన్న డాక్టరు పెదవి బిగబట్టి నవ్వాడు. పక్క బల్ల దగ్గరున్న పెద్ద డాక్టరుగారు మాత్రం నవ్వకుండా ఇటు తిరిగారు.

"ట్రాఫిక్ ఉన్నప్పుడా, లేనప్పుడా?"

"ఆదివారం పొద్దుగాల సార్. రోడ్డు ఖాళీ."

"దాని తరువాతి సైదాబాద్ దాకా ఎప్పుడైనా పోయిందా?"

"లేదు సార్. పోతె అంబులెన్సుకు ఫోన్ కొట్టమన్నరు గద, యాదికున్నది."

పెద్ద డాక్టరుగారు తల పంకించి తన పనిలోకి తిరిగిపోయారు. ఆనాటినుంచి ఆ గదిలో ఆమె మూర్ఛను స్టాపుల్లో కొలవడానికి అభ్యంతరం రాలేదు.

ఆ మూర్ఛను నేను ఒకసారి కళ్లారా చూశాను. ఉదయం వేళ, నిరీక్షణశాలలోనే. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, చీర అంచు పీకడం మొదలుపెట్టింది. ఆయన చేతిలోని పల్లీలు పారేసి, ఆమె తలను తన అరచేతిలోకి తీసుకొని, నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. క్షణంలో జనం మూగారు. ఒకరు చెప్పు వాసన చూపించమన్నారు. మరొకరు ఉల్లిగడ్డ కోసం కేక వేశారు. టోపీ పెట్టుకొన్న ఒక పెద్దాయన నిజమైన ఆదుర్దాతో ఆమె చేతిలో పెట్టమని తన తాళంచెవుల గుత్తిని చాచాడు.

"చాబియాఁ దేవ్ హాత్ మే! జల్దీ!"

"హోల్డాన్ చాచా!" కండక్టరు ఆమె మీదనుంచి చూపు తీయకుండానే అన్నాడు. "చాబీ సే తాలా ఖుల్తా. ఫిట్ నై ఖుల్తా." తాళంచెవితో తాళం తెరుచుకొంటుంది గాని మూర్ఛ కాదని.

"అరే, మేరే అబ్బా కే జమానే సే దేరైఁ భాయ్!" తన తండ్రి కాలంనుంచీ ఇస్తున్నదేనన్నాడు పెద్దాయన.

"మీ అబ్బాకు నా సలాం చెప్పు. గుత్తి జేబుల పెట్టుకో, మల్ల ఇంటికి పోయి తాళమెట్ల తీస్తవ్? జర ఇటు నిలబడు, ఎండ ఆమె మొకం మీద పడుతున్నది, అడ్డం ఉండు."

పెద్దాయన గుత్తి జేబులో వేసుకొని, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. తన షేర్వానీ అంచును రెండు చేతులా విప్పి పట్టుకొని, ఆమె లేచి కూర్చొనేదాకా కదలలేదు. తరువాత కండక్టరు ఆయనకు తన పల్లీల పొట్లంలో మిగిలినవి పెట్టాడు. బోర్డును గురించి ఆ రోజు నేనేమీ అనలేదు.

చిన్న డాక్టరు ఒకసారి, ఫిట్ వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసుకురమ్మన్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

"ఆమెకు తెల్వకుండ ఆమె బొమ్మ నేను తియ్య సార్."

"మీ మంచికే కదా?"

"మంచికే సార్. ఆమెను అడుగుర్రి."

డాక్టరు ఆమెను అడిగాడు. ఆమె నవ్వి, "తియ్యమనుర్రి సార్, నేను గూడ చూస్త. గిన్నేండ్ల సంది నా సినిమా నేనే చూడలే" అన్నది. తరువాతిసారి వచ్చినప్పుడు, ఆయన తీసిన వీడియోను ఆ బల్ల మీదనే అందరితోబాటు మొదటిసారి చూసింది. మేమంతా ఆమె ముఖం చూస్తున్నాం. ఆమె చివరిదాకా చూసి, ఫోను కొంచెం దగ్గరికి తెచ్చుకొని, "గీ రైక చంక కాడ కుట్టు ఊడింది. చెప్పలేవేందయ్యా?" అని భర్తను నిలదీసింది.

ఆమె రైకలు కుట్టేది. ఇంటి ముందుగదిలో మిషను. కొలత తీసుకొంటే రాసుకొనే అలవాటు లేదు. మనిషిని ఒకసారి చూస్తే భుజం, చంక, మెడ అన్నీ ఆమెకు కంఠస్థం. ఒకనాడు కండక్టరు నా చెవిలో, "మీ అంగీ కుడి భుజం జారింది సార్. మా ఇంటామె చెప్పుమన్నది, మీరేమనుకోకుంటె" అన్నాడు. ఇంటికి వెళ్లి అద్దంలో చూసుకొన్నాను. జారింది.

తరువాత కొంతకాలానికి మందు మోతాదు పెంచారు. ఫిట్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో కండక్టరును చూస్తే వేరే మనిషి అనిపించేది. కళ్ల కింద నలుపు తగ్గింది. బెంచీ మీద కూర్చొన్నాడు, కాలు మీద కాలు కూడా వేసుకొన్నాడు. జల్‌పల్లిలో చిన్న జాగా చూస్తున్నామని, ముందుగదిలోనే రెండు మిషన్లు వేయిస్తానని చెప్పాడు. ఆమె అప్పటికి వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతున్నది. మాట కోసం ఎదుటివాళ్ల ముఖంలో వెతుకుతున్నది.

ఒక పెళ్లికూతురి పట్టు రైకకు ఆమె రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. రైక చేతులకు బట్టను ముఖాముఖి మడిచి కోస్తే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తుంది. ఒకే వైపుగా పరిచి కోస్తే రెండూ ఒక పక్కవే అవుతాయి. పని నేర్చుకొనే పిల్ల కూడా మొదటి వారంలోనే మానుకొనే పొరపాటట అది. ఆ తరువాత ఆమె పెళ్లి బట్టలు ఒప్పుకోవడం మానేసింది. ఇంటికి వచ్చినవాళ్లతో కండక్టరు, మిషను రిపేరులో ఉందని చెప్పి పంపేవాడు. ఇదంతా ఆయనే నాకు నిరీక్షణశాలలో చెప్పాడు. "పోనీ సార్, ఫిట్లు లేవు, మస్తు నయం" అని ముగించాడు. కాని పల్లీల పొట్లం విప్పలేదు.

ఆ రోజు లోపల పెద్ద డాక్టరుగారే చూశారు. కాగితాలు తిప్పి, సంతృప్తిగా అన్నారు. "ఆరు నెలలుగా ఒక్కటి కూడా లేదు. చాలా బాగుందమ్మా. ఇదే మోతాదు కొనసాగిద్దాం."

"సార్" అన్నది ఆమె. తరువాత మాట రాలేదు.

చిన్న డాక్టరు కలాన్ని బల్ల మీద రెండుసార్లు తట్టాడు. తరువాతి కాగితం అందుకోబోయాడు.

"హోల్డాన్ సార్" అన్నాడు కండక్టరు. "వస్తది మాట. జర ఆగుర్రి."

ఆయనకు ఆ మాట ఏమిటో తెలుసు. తానే చెప్పివేయవచ్చు. చెప్పలేదు. మేమంతా ఆగాం. పెద్ద డాక్టరుగారు కాగితాలను మూసి పక్కన పెట్టారు.

"తగ్గియ్యుర్రి సార్" అన్నది ఆమె చివరికి. "కత్తెర పట్టుకుంటె... ఏ దిక్కు కొయ్యాల్నో తెలుస్తలేదు. మనుషుల కొలతలు యాదికుంటలేవు."

"తగ్గిస్తే ఫిట్లు మళ్లీ రావచ్చు. కత్తెర, మిషను, పొయ్యి, వీటి మధ్య ఉండే మనిషివి. పడితే ప్రమాదం. ఆలోచించావా?"

"ఆలోచించిన సార్."

డాక్టరుగారు తల ఎత్తి కుర్చీ వెనుకకు చూశారు. "మీరేమంటారు?"

కండక్టరు గొంతు ఎన్నడూ అంత చిన్నగా నేను వినలేదు.

"నన్నడిగితె తగ్గియ్యొద్దనే అంట సార్. గందుకే నన్నడగకుర్రి."

ఆమె కుర్చీలోనే పూర్తిగా వెనక్కి తిరిగింది. ఆ గదిలో ఆమె భర్త వైపు తిరిగి కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"ఎందుకు తగ్గియ్యొద్దంటవ్?"

"ఏం లేదు. నువ్వు చెప్పు సార్‌కు."

"నాది చెప్పిన. ఇప్పుడు నీది చెప్పు. ఇంట్ల చెప్పవు, ఇక్కడన్న చెప్పు."

ఆయన డాక్టరుగారిని చూశాడు, నన్ను చూశాడు, తప్పించుకొనే దారి ఎవరి ముఖంలోనూ దొరకలేదు.

"వాసనొచ్చింది అంటవ్. మల్ల కండ్లు తెరుస్తవ్" అన్నాడు. "నీకు గా రెండింటికి నడుమ ఏం లేదు. నాకు ఉంటది. నువ్వుండవు గక్కడ. నీ మొకముంటది, నువ్వుండవు. ఐ.ఎస్. సదన్ వస్తదో రాదో తెల్వదు. గీ ఆర్నెల్లు నేను పండుకున్న. నిజంగ పండుకున్న."

చిన్న డాక్టరు కలం కింద పెట్టాడు.

ఆమెకు మాట దొరకడానికి మళ్లీ కొంతసేపు పట్టింది. ఈసారి ఆయన ఎవరినీ ఆగమని చెప్పవలసిన అవసరం రాలేదు.

"నువ్వు పండుకున్నవ్" అన్నది. "మరి గీ ఆర్నెల్లు నేనెక్కడున్న? గా నడుమనే ఉన్నగదా. పొద్దంత గక్కడనే ఉన్న. మొకముంటది, నేనుండ. నువ్వు చూస్తలేవా?"

ఆయన చూశాడు. ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఫిట్ వచ్చినప్పుడు ఏ శ్రద్ధతో చూసేవాడో అదే శ్రద్ధతో, కాని ఈసారి మనసులో ఏ బస్సూ నడపకుండా. తరువాత డాక్టరుగారి వైపు తిరిగాడు.

"తగ్గియ్యుర్రి సార్" అన్నాడు. "ఆమె చెప్పింది కరెక్టే. నేను చూడలే."

పెద్ద డాక్టరుగారు వెంటనే తగ్గించలేదు. మందును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వేరొక మాత్రను కలిపే విధానాన్ని ఆమెకే, ఆమె కళ్లలోకి చూస్తూ, రెండుసార్లు వివరించారు. ఒంటరిగా పొయ్యి ముందు ఉండరాదన్నారు, మిద్దె మీది ట్యాంకు ఎక్కరాదన్నారు. ప్రతి షరతుకూ ఆమె తల ఊపింది. కండక్టరు ఊపలేదు. అవి తన షరతులు కావని ఆయనకు తెలుసు.

మందు తగ్గిన తరువాత మాటలు వెనక్కి వచ్చాయి. ఆమె నా కొత్త చొక్కాను చూసి, ఈ దర్జీ ఎవడో గాని మార్చమని నేరుగా నాకే చెప్పింది. పెళ్లి బట్టలు మళ్లీ ఒప్పుకొన్నది. ఫిట్ కూడా వచ్చింది. తరువాతిసారి వైద్యుల గదిలో దాని సంగతి కండక్టరే చెప్పాడు. వాసన దగ్గరినుంచి మంచం దాకా, ఎక్కడా ఎక్కువ తక్కువలు లేకుండా, చొక్కా అంచు పీకి మరీ చూపించాడు. మందు తగ్గించినందువల్లనే వచ్చిందన్న మాటను మాత్రం ఆయన తన సాక్ష్యంలో చేర్చలేదు. అది ఆయన చూసినది కాదు.

"మళ్లీ పెంచుదామా?" అని పెద్ద డాక్టరుగారు ఆమెనే అడిగారు.

కుర్చీ వెన్ను మీద కండక్టరు వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

"వద్దు సార్" అన్నది ఆమె. "గిదే ఉండనియ్యుర్రి."

చిన్న డాక్టరు అలవాటు చొప్పున భర్త ముఖంలోకి చూశాడు. కలం కాగితం మీదికి ఇంకా దిగలేదు.

"రాసుకోర్రి సార్" అన్నాడు కండక్టరు. "చెప్పింది గదా."